ప్లాస్టిక్ రేకు

మధ్యాహ్నం పడవ బల్ల మీద మరిచిపోయాడు హోకన్
ఆ పల్చటి ప్లాస్టిక్ రేకు.
గీతలో గీత, నీళ్ళలో రాయి పడ్డట్టు.
ఎండనంతా ఒక్క చుక్కగా పిండి
నా లైఫ్ జాకెట్‌కి బొక్క పెట్టింది.
కమురు కంపుకి తిరిగి చూశాను.
"సారీ లాసిమ్" అన్నాడు, నవ్వాడు.

రాత్రి అదే రేకుని ఫ్లాష్ మూతికి బిగించాడు.
ఉత్త ఫ్లాష్ వెలుగు అవతలి ఒడ్డు దాకా పోదట,
ఇది వడిసెల లాంటిదట.
మోచేతంత లెన్స్ మోకాలి మీద.
ఇంజన్ ఆపాను. కినబటాంగన్
మమ్మల్ని మెల్లగా చెట్ల కిందికి తోసింది.

కొమ్మ మీద చేపల గుడ్లగూబ,
కాలి కింద ఇంకా కొట్టుకుంటున్న చేప.

ఒకటి.
ఆకు ఆకూ తెల్లబడింది.
రెండు. మూడు.
దాని కళ్ళు కాగిన రాగి బిళ్ళలు.
చేప జారి నీళ్ళలో పడ్డ చప్పుడు.

అతను తెర మీద
ఈక ఈకా పెద్దది చేసి చూసుకుంటున్నాడు.
నేను కొమ్మకేసి చూస్తున్నాను.
మొహం మా వైపే ఉంది,
చూపు మా మీద లేదు.

నాలుగోసారి అతని వేలు కదిలేసరికి
రేకుకి నా అరచెయ్యి అడ్డం పెట్టాను.
వేళ్ళ సందుల్లో ఎర్రగా
నా రక్తమే వెలిగింది.
టార్చీ కూడా ఆర్పేశాను.

ఈ జాతి ఎగిరితే రెక్కలు చప్పుడవుతాయి.
అది వినపడేదాకా
మోటారు తాడు లాగను.