తరుగు

తొమ్మిదో తరగతి, యూనిట్ టెస్టు, నాలుగో ప్రశ్న.
పొడవు మూడు మీటర్లు, వెడల్పు రెండు, ఎత్తు ఒకటి.
దీర్ఘఘనం ఘనపరిమాణం ఎంత?

అందరు ఆరు అని రాసిండ్రు.
పక్కోనిది చూసి రాసినోళ్లు గూడ ఆరే.
రోల్ నంబర్ ఇరవై ఏడు, కాసర్ల మొగిలి మాత్రం
నాలుగు పాయింట్ తొమ్మిది ఐదు తొమ్మిది.

సున్న చుట్టిన.
చుట్టినంక గుణకారం చూసిన,
ఒక్క అంకె జారలే.

"ఏందిరా ఇది?"
"తరుగు తియ్యాలె గద సార్.
పొడుగుల పది సెంటీమీటర్లు, అడ్డంల పది, ఎత్తుల పది.
మా మేస్త్రి టేపు వట్టంగనే తీసేస్తడు
అంచు పలిగినా, పలగకున్నా."

మా బడి కిటికీలకెల్లి ఉల్లిగుట్ట కనవడ్తది.
గుట్ట అనుడు అలవాటు గని
ఇప్పుడది సగం గుట్ట, సగం గుంత.
పగటీలి ఒంటిగంటకు సైరన్ మోగుతది.
బోర్డు మీద రాసుడు ఆపుత.
మందు వేలుతది. డబ్బాల సుద్దముక్కలు గలగలమంటయ్.
మళ్ల రాస్త.
పిల్లలు తలకాయ గూడ లేపరు.

ఐతారం ఐతారం, దసర సెలవులల్ల,
పంద్రాగస్టు నాడు చాక్లెట్లు పంచినంక
మొగిలి ఆ గుంతలనే.
గ్రానైట్ కోసే వైరుకు నీళ్లు వడ్తడు.
కాగిన రాయి మీద లేచే తెల్లటి బురద
వాని కనుబొమ్మలల్ల ఎండుతది.
సోమారం మొదటి పీరియడంత
గోటితోని గోకుతనే ఉంటడు.

బ్లాకుల మీద ఎర్ర రంగుతోని కొలతలేసేది గూడ వాడే,
రాత గుండ్రంగ ఉంటదని.
వాడేసిన అంకెలు లారెక్కి, రైలెక్కి
కాకినాడల ఓడెక్కుతయ్.
వాడు హన్మకొండ గూడ సక్కగ చూడలే.

నెలాఖరుకు, ప్రార్థన అయినంక
ఫీజు బాకీల లిస్టు చదివేది నేనే.
పోయినేడు ఆ పేరు మూడు నెలలు చదివిన.
ఈ యేడు లిస్టుల వాని పేరు లేదు.
ఎందుకు లేదో ఎన్నడు అడగలే.

అర్ధసంవత్సరం పరీక్షల ముంగట
పదకొండు దినాలు రాలే.
వైరు తెగిందన్నరు.
తెగిన వైరు కొరడ లెక్క తిరుగుతదట,
చూసేటోనికి కనవడదట.

పరీక్షకు వచ్చిండు.
అంకెలు మార్చి అదే లెక్క ఇచ్చిన.
పుస్తకంల ఉన్నట్టే చేసిండు,
ఏ దిక్కూ ఏం తియ్యలే.
నాలుగుకు నాలుగు మార్కులు.
అంకెలే, ఆ గుండ్రటి అంకెలే
గాలికొరిగిన మొక్కజొన్న లెక్క ఉన్నయ్.
ఎడమచేత్తోని రాసిండు.

కుడిచెయ్యి బల్లకింద పెట్టుకున్నడు.
నేను ఆ వరుసల నడవలే.

ఒకటో తారీఖు జీతమొచ్చింది.
స్టాఫ్ రూముల కూసోని
కవరు విప్పి రెండుసార్లు లెక్కవెట్టుకున్న.
సరిపోయింది.
తరుగేం లేదు.