రివెట్ల లెక్క

సఖినేటిపల్లి రేవులో నేను టిక్కెట్లు చింపే రోజుల్లో
రోజూ ఎక్కే ప్రయాణికుడొకడు
ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు.
కొల్లాటి నరసన్న, అంతర్వేది పల్లిపాలెం.
ఇటునుంచి నర్సాపురం, అటునుంచి మళ్ళీ ఇటు,
పంటుకి ఎడమపక్క, ఇంజను గదికి ఆనుకుని,
గొడుగు కర్రతో ఇనపరేకు మీద తడుతూ.

"ఇది మా ఓడరా" అన్నాడు మొదటిరోజు.
నేను చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.

రెండు పేర్లట దానికి,
పుట్టింటిదొకటి, మెట్టినింటిదొకటి.
చలిదేశపు పేరు ఆయన నోటికి తిరగదు.
పెద్ద యుద్ధంలో సరుకు ఓడల మందకి
కుక్కలా కాపలా తిరిగిందట,
జలాంతర్గాముల వాసన పట్టి
పీపాల్లాంటి బాంబులు వెనకనుంచి దొర్లించేదట.
"చూశావా తాతా?"
"నేనప్పటికి గోచీతో రొయ్యలు ఏరుతున్నా.
బాయిలరు పక్క గోడమీద ఎవడో తెల్లోడు
మేకుతో గీసుకున్న పేరుండేది,
నాకు ముందు నా చోట నిలబడ్డోడు.
చదవడం రాదుగాని, రోజూ తుడిచేవాణ్ణి."

మనకొచ్చాక రణధీర్. కొబ్బరికాయ కొట్టారు.

అరవయ్యొకటిలో గోవా.
"ఏం చూశావు?"
"గేజి చూశాను."
ముల్లు ఎరుపు దాటకుండా, ఆవిరి జారకుండా.
పైన ఫిరంగి పేలితే
కింద వీళ్ళ టీ గ్లాసులు కదిలాయి.
యుద్ధం అయిపోయిందని వంటవాడొచ్చి చెప్పాడు.

అరవయ్యైదు యుద్ధమంతా బొంబాయి డాకులో.
కడుపు కోసి పడుకోబెట్టారు దాన్ని.
రేడియోలో వార్తలు, వీళ్ళ చేతుల్లో తుప్పు గీకే కత్తులు.
"ఊళ్ళో మాత్రం వేరేగా చెప్పాను" అని
అటూ ఇటూ చూశాడు.
"నువ్వెవరితోనూ అనకు."

డెబ్బయ్యొకటికి ముసలిదైపోయింది.
ముప్పై నాట్లు పరిగెత్తింది పదహారుకే ఆయాసం.
నాట్లంటే మాకు వరినాట్లే, నవ్వాను.
ఆయన నవ్వలేదు.
బంగాళాఖాతంలో ఒక రాత్రి నీళ్ళలో మనుషులు.
మునిగిన ఓడ ఎవరిదో.
నూనె పట్టిన మొహాలకి దేశం కనపడదు.
కిందివాళ్ళని కూడా పైకి పిలిచారు.
తాళ్ళేసి పన్నెండుమందిని లాగారు.
పదమూడోవాడి మణికట్టు ఈయన గుప్పిట్లో...
అక్కడికొచ్చేసరికి పంటు రేవుకి తగిలేది.
తాడు కట్టడానికి నేను లేచేవాణ్ణి.
ఎన్నిసార్లు విన్నానో, ఆ వాక్యం చివర వినలేదు.

తర్వాత ముక్కలు కోసి టన్నుల్లెక్కన అమ్మేశారు.
"పాతిన్నానికి కులగోత్రాలేంటండీ,
కాకినాడలో కొన్నాం, కొట్టించాం" అనేవాడు
పంటు కాంట్రాక్టరు గెడ్డం వెంకట్రాజు.
నరసన్న వినలేదు. ఆరో వరసలో
వంకర రివెట్టు చూపించాడు.
"అరవయ్మూడులో నేనే కొట్టా. సుత్తి జారింది."
వంగి చూశాను. వంకర రివెట్లు ఆ పంటు నిండా ఉన్నాయి.

ఎనభయ్యారు వరద.
గోదారి ఎర్రమట్టి గోడలా లేచింది.
లంకల్లో జనం పాకల మీదెక్కి కూర్చున్నారు.
డ్రైవరు తాళాలు నా చేతిలో పెట్టి
పెళ్ళాం బిడ్డల్ని చూసుకోవాలని వెళ్ళిపోయాడు,
అతన్ని తప్పుపట్టను.
నరసన్న ఇంజను గదిలోకి దిగి
"గేజి ఏదిరా?" అన్నాడు.
ఈ డీజిలు ఇంజనుకి అలాంటిది లేదు.
"అయితే చెవితో" అన్నాడు.

మూడుసార్లు వెళ్ళాం.
మనుషులు, రెండు దూడలు, ఒక కుట్టుమిషను,
వద్దన్నా దింపని ఒక తలుపు.
మూడోసారి కొబ్బరిచెట్టుకి కట్టుకున్న తాడు విప్పుకుని
ఒకామె చెయ్యి చాపింది.
ఇంజను నాకొదిలేసి ఆయనే పైకొచ్చి పట్టుకున్నాడు.
లాగాడు. రేకు మీద కూచోబెట్టాడు.
దుప్పటి కప్పారెవరో. పంటు తిరిగింది.
సగం గోదారి దాటాక కూడా
ఆమె విసుక్కుంటూనే ఉంది,
"వదులు బాబాయ్, చెయ్యి నొప్పెడతంది,
ఎక్కేశాను కదా."