తవుడు సత్రంలోనే ఉన్నాడు

ఎస్.కోట డిపోలో డ్యూటీ చార్టు రాసేది నేను.
గళ్ల రిజిస్టరు, ఎర్ర రీఫిలు,
స్కేలు పెట్టి గీసిన వరసల్లో పేర్లు.
తెల్లారగట్ల నాలుగూ నలభై అరకు బండికి
ఎవరో ఒకరు ఎక్కాలి.

రాత్రి గిన్నెలు తోమి బోర్లించాక
మా తమ్ముడు వదిలేసిన పాత కంప్యూటరు తెరుస్తాను.
అక్కడా ఇదే పని.
కొండ మీద కూలిపోయిన దొరల మేడ,
దాని కింద అంతస్తులు అంతస్తులుగా చీకటి,
గోడల్లో ఎముకలు,
మెట్ల మీద ఎవరో ఇప్పుడే నడిచిపోయిన తడి.
నలుగురిని ఎంచి దింపాలి.
గంట మోగించే సన్యాసిని,
గోతులు తవ్వేవాడు,
ఒంటికన్ను విల్లుకాడు,
దీపం పట్టే కుర్రాడు. వాడే ముందు నడవాలి,
ఆ సంగతి వాడికి చెప్పరు.

కాగడాలెన్ని, రొట్టెలెన్ని, కట్టుగుడ్డలెన్ని,
లెక్క కట్టి కొంటాను.
డీజిలు ఇండెంటు రాసే చేతికి అదేం కష్టం కాదు.
తక్కువ కొంటే నడి దారిలో ఆరిపోతుంది.
ఎక్కువ కొంటే సంచిలో బంగారానికి చోటుండదు.
దొరికిన వెండి గిన్నె పారేసి
రొట్టె ఉంచుకున్న రాత్రులున్నాయి నాకు.

ఆ ఆటలో నాకు నచ్చిందొక్కటే:
ప్రతి మొహం కింద సన్నటి తెల్ల గీత.
భయం ఎంత పేరుకుందో అది చెబుతుంది.
గీత నిండితే మనిషి మందు తాగనంటాడు,
పక్కవాడి మీద అరుస్తాడు,
ఉన్నట్టుండి గోడకేసి తిరిగి కూర్చుంటాడు.
అలాంటివాణ్ని ఒక వారం సత్రంలో ఉంచాలి.
డబ్బు మనమే కట్టాలి.

నా రిజిస్టరులో ఆ గీత లేదు.
గడిలో పేరు పడుతుంది. పేరు కింద ఇంకో గడి.

ఆటలో పేర్లు ఆటే పెడుతుంది, నోరు తిరగనివి.
ఒకసారి మాత్రం, చార్టు రాసిన అలవాటులో,
కొత్తగా బండి దిగిన కత్తివాడికి
'బోని తవుడు' అని కొట్టేశాను.
అంతే, ఇక వాణ్ని దింపలేకపోయాను.
నలభై వారాలు.
సన్యాసిని పోయింది. విల్లుకాడు పోయాడు.
దీపం కుర్రాళ్లు ముగ్గురు మారారు.
తవుడు మాత్రం సత్రం బల్ల మీద
ఒంటి మీద గీటు లేకుండా
నా ఖర్చుతో కూర్చునే ఉన్నాడు.

అసలు తవుడు ఆ వేళకి అనంతగిరి మలుపుల్లో ఉంటాడు,
మంచు పట్టిన అద్దం తువ్వాలుతో తుడుచుకుంటూ,
హారను మీంచి చెయ్యి తియ్యకుండా.
మొన్న లాగ్‌షీటు ఇవ్వడానికొచ్చినప్పుడు చూశాను,
గ్లాసులో టీ వణికింది.
ఆయనేమీ అడగలేదు.
మర్నాటి చార్టులో ఆ పేరు పక్కన
రెస్టు అని రాశాను.

సాయంత్రానికి కిటికీ దగ్గరికి వచ్చేశాడు.
"ఏటమ్మా, నానేటి తప్పు సేసినాను?
రెస్టు ఎవుడడిగినాడు?
ఘాటు డ్యూటీ తీసెత్తే నాకేటి మిగుల్తాది?
మా గుంటడి ఫీజు నువ్వు కట్టీగలవా?"
వెనక కండక్టర్లు నవ్వారు.
"మేడమ్‌కి నువ్వంటే దయరా" అన్నాడు పోలినాయుడు.
ఆ నవ్వులో తవుడు కూడా కలిశాడు, కొంచెం ఆలస్యంగా.

స్కేలు పెట్టి రెస్టు కొట్టేశాను.
నాలుగూ నలభై. బోని తవుడు.

ఆ రాత్రి ఆట తెరిచాను.
వాడి పేరు నొక్కితే ఒకటే వాక్యం:
ఇన్నాళ్ల విశ్రాంతికి కత్తి తుప్పు పట్టింది.
నలుగురిలో ఒక చోటు ఖాళీ.
అక్కడిదాకా తీసుకెళ్లి
వాణ్ని మళ్లీ బల్ల మీదే కూర్చోబెట్టాను.
ముగ్గురినే పంపాను,
ఎప్పుడూ ఎనిమిది కొనే కాగడాలు పన్నెండు కొని.
సంచిలో బంగారానికి చోటే లేదు.

పడుకునే ముందు ఫోనులో
నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను.
ఆ టైముకి నాకేం పని లేదు.