ఉతికిన బట్టలే

ఆ ఫిబ్రవరిలో పదకొండు రోజులు
నా పేరు ఎవరి నోటా రాలేదు.

ఆఫీసు ఇంట్లోనే. మీటింగుల్లో నేనొక మూగ గడి,
మైకు బొమ్మ మీద ఎర్రగీత.
కొట్లో కూరగాయలు మెషీనే లెక్కగట్టి
సంచిలో పెట్టుకోమనేది.
పార్సిల్ కుర్రాడు తలుపు కొట్టి, ఫోటో తీసుకుని,
నేను గొళ్ళెం తీసేలోపు వ్యాన్ ఎక్కేవాడు.
పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు.
అదే జబ్బని తెలీలేదు.

రాత్రిళ్ళు మాత్రం కోర్టు.
ఫిర్యాదీ నేనే, ముద్దాయీ నేనే,
బెంచి మీద నిద్రపట్టని జడ్జీ నేనే.
ఆరేళ్ళ కిందట ఎవరికో ఇవ్వని జవాబుని
బోనులో నిలబెట్టి, తెల్లారేదాకా
నన్ను నేనే ఉతికి ఆరేసుకునేదాన్ని.
ఆరేది కాదు.

డాక్టరు మాత్రలు రాశాడు. వేసుకున్నాను, నిద్ర వచ్చింది.
నిద్రలేచి ఏం చెయ్యాలో చీటీలో లేదు.

అప్పుడు వాషింగ్ మెషీన్ చచ్చింది.
దానికి నేనింకా థాంక్స్ బాకీ.

హల్ ఊళ్ళో, స్ప్రింగ్ బ్యాంక్ రోడ్డు మీద,
మీగడరంగు ఫోన్ బూత్ పక్కన లాండ్రెట్.
దుప్పట్లో మూటగట్టి చాకిరేవుకి పోతున్నట్టు పోయాను.
కౌంటర్లో మావిస్, డెబ్బై దాటిన మనిషి,
కళ్ళజోడు జుట్టులో దోపుకుని
కళ్ళజోడు వెతుకుతోంది.
నీ తలమీదే ఉంది అనబోయాను.
గొంతులోంచి
తుప్పుపట్టిన తలుపు బందు చప్పుడొకటి వచ్చింది.
"జలుబా, బంగారం?"
"కాదు. వాడక లేక" అన్నాను.
నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.
"ఏడో నంబరు మొండిది, డొక్కలో ఒక్కటివ్వు" అంది.

పేరడిగింది. మందాకిని అన్నాను.
మాండీ అంది.
ఇంకోరోజైతే దిద్దేదాన్ని.
ఆరోజు ఆ సగం పేరే
డ్రయర్లోంచి అప్పుడే తీసిన తువ్వాలులా ఉంది.
మొహానికి అద్దుకుని ఇంటికెళ్ళాను.

ఆ తర్వాత గురువారాలు.
హెమిన్ తన సెలూన్ తువ్వాళ్ళు మోసుకొచ్చేవాడు,
వాళ్ళ కుర్దుల ఊరి దానిమ్మ ముందు
ఇక్కడిది దానిమ్మేనా అని నిలదీసేవాడు, నన్నే, నేనేదో పండించినట్టు.
ఇక్కడివాళ్ళకి ఫోన్ అంటే ఫెర్న్ అనీ
స్నో అంటే స్నెర్ అనీ మావిస్ నేర్పింది.
వాన, బస్సు, క్యాబేజీ ధర, హెమిన్ బావమరిది పంటినొప్పి.
పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.
ఎప్పుడెళ్ళినా ఏడో నంబరు ఖాళీయే, నా అదృష్టం.

రాత్రి కోర్టుకి సాక్షులు రావడం మొదలైంది.
ఒకావిడ కళ్ళజోడు సర్దుకుంటూ
"ఆ ముక్కకేనా ఇంత గొడవ?" అనేది.
కేసు వాయిదా పడేది.

మార్చి చివర్లో నా మెషీన్ బాగయింది.
ఇంట్లోనే ఉతికి, ఆరబెట్టి, మడతలు పెట్టి,
మళ్ళీ దుప్పట్లో మూటగట్టి పట్టుకెళ్ళాను.
మావిస్ ఒక చొక్కా ఎత్తి వాసన చూసింది.
తర్వాత నా మొహం చూసింది.
"ఉతికిన బట్టలే కదే ఇవి."

గొంతు మళ్ళీ పెగల్లేదు.

ఆమె లేచి, మోకాళ్ళు పట్టుకుని నడిచెళ్ళి,
ఏడో నంబరుకి వేలాడుతున్న 'పనిచెయ్యదు' అట్ట తీసి
సొరుగులో పడేసింది.
అంతకుముందు ఆ అట్టని నేను చూడనే లేదు.
ఎప్పుడూ నాకంటే ఒక నిమిషం ముందు తీసేసేదట.
"ఇది శుభ్రంగా పనిచేస్తుంది" అంది, అటు తిరిగి.
"గురువారాలు ఎవరూ ముట్టుకోకుండా కట్టేస్తున్నా."
కాసేపాగి,
"పైన నాదీ ఒక్క గదే, మాండీ."

ఉతికినవి మళ్ళీ ఉతకడానికి వేశాం.
నాణేలు మాత్రం లెక్కపెట్టి తీసుకుంది.
నీళ్ళు నిండే చప్పుడు వింటూ ఇద్దరం కూర్చున్నాం.
అద్దం అవతల ఏదో తెల్లగా రాలుతోంది.
"ఈ రోజుల్లో స్నెరేమిటే?" అంది.
"నాకేం తెలుసు" అన్నాను,
ఒక డ్రయర్ తలుపు తీసి
హెమిన్ కోసం వెచ్చగా ఉంచుతూ.