కర్పూరం

డండీలో మూడు రోజులుగా ముసురు.
మ్యూజియం నేలమాళిగలో
పాత పక్షిబొమ్మ రెక్క నుంచి
కనురెప్ప వెంట్రుకంత పొట్టు గీరి
వజ్రపు పలకల మధ్య నొక్కాను.

చీటీ మీద: రెజిన్, రకం తెలియదు.
చేసినావిడ ఎల్స్‌పెత్ ఎవరికో రాసిందట,
ఇది నాకంటే బతుకుతుందని.

తెర మీద గీత
పదహారు వందల యాభై దగ్గర లోయలోకి దిగింది.
నైట్రేట్.
కర్పూరం గుర్తు మాత్రం ఉందా లేదా అన్నంత.

నిజానికి ముక్కు ముందే చెప్పింది,
పెట్టె తెరవగానే
హారతి అయిపోయిన పళ్లెం వాసన.
ఎవరూ వెలిగించకుండానే
అరవై ఏళ్లుగా హరించుకుపోతోంది.
రెక్క నిండా సన్నటి పగుళ్లు,
ఇత్తడి కాలికి చిలుం.

అతికించగలమా, అంది మొరాగ్.
లేదు. చల్లగా ఉంచుదాం,
గాలాడనిద్దాం,
పక్కన ఇంకో బొమ్మని పెట్టొద్దు.

రిపోర్టు మీద సంతకం చేసి
మూత పూర్తిగా మూయకుండా
వచ్చేశాను.