ఏడు కిలోల ఖాళీ

మాదాపూర్‌లో ఐదో అంతస్తు, గాజు గది.
ఆ వాక్యం రాసింది నేనే.
పద్నాలుగో నిబంధన, మూడో ఉపనిబంధన:
"పెట్టెలో ఉన్న ప్రతి వస్తువుకూ
పూర్తి బాధ్యత ప్రయాణికునిదే."
రాశాక కిందికి దిగి చాయ్ తాగాను.
ఉస్మానియా బిస్కెట్టు విరిగి కప్పులో మునిగింది.
ఆ రోజుకి అదొక్కటే నష్టం.

తెలుగులో ఆ రెండూ కవలలు,
బరువు బాధ్యతలు.
ఒకదాన్ని పిలిస్తే రెండోది వెంటే వస్తుంది.
మా కంపెనీ వాటిని విడదీసింది.
బరువుకి ధర కట్టాం, కిలోకి నాలుగు వందల యాభై.
బాధ్యత ఉచితం.

"ఇది సరుకా, సామానా?" అని నిశ్చల్ అడిగాడు,
కంపెనీ అతనిది, ఇరవై ఆరేళ్లు.
సరుకైతే సుంకం, లైసెన్సు, కట్టల కొద్దీ కాగితం.
సామానైతే చక్రాల మీద దొర్లిపోతుంది.
మరి డబ్బు చేతులు మారాక
ఎవరో అత్తగారు పెట్టిన పచ్చడి
సరుకా, సామానా?
చట్టం ఇక్కడ తల గోక్కుంటుంది.
"సామానే అని రాయండి," అన్నాడు.
రాశాను.
"మేం వంతెన మాత్రమే" అని కూడా రాశాను.
వంతెన మీద ఎవరు జారితే వంతెనకేం?

సలోమిది బొల్లారం. నర్సు.
సెలవైపోయి దోహా తిరిగెళ్తోంది.
ముప్ఫై కిలోల్లో ఆమెవి ఇరవై మూడే.
మిగిలిన ఖాళీని అమ్ముకుంది.
మూడు వేల నూట యాభై,
తమ్ముడి కాలేజీ ఫీజులో ఒక మూలకి.

మెట్రో పిల్లరు నంబరు చెప్పి
స్కూటీ మీద వచ్చి సంచీ ఇచ్చి వెళ్లిందొకావిడ.
సలోమి అమాయకురాలేం కాదు.
వార్డులో మందుల అల్మరా తాళాలు
ఆమె నడుముకే ఉంటాయి.
మాత్రల పట్టీ ఒక్కొక్కటీ వెలుగుకి పట్టి చదివింది.
రెండు తీసి వెనక్కిచ్చింది, "ఇవి అక్కడ నడవవు ఆంటీ."
పచ్చడి మూత వాసన చూసింది.
చెగోడీల డబ్బా కదిపి చప్పుడు విన్నది.
అడుగున తెల్లటి పొట్లం, గసగసాలు, వంద గ్రాములు.
దాన్ని చూసి నవ్వుకుంది కూడా,
ఆదివారం కూర గుర్తొచ్చి.

బేగంబజార్‌లో అది మసాలా దినుసు.
సముద్రం దాటితే నల్లమందు మొక్క బిడ్డ.
ఏ మేఘం దగ్గర మారిందో ఆ గింజ కులం
విమానంలో ఎవరూ ప్రకటించలేదు.
బెల్టు పెట్టుకోమని మాత్రం చెప్పారు.

శంషాబాద్‌లో అడిగారు,
"ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?"
అవునంది. అబద్ధం కాదు.
దిగాక అక్కడా అదే అడిగారు.
అవునంది.
రెండో అవునుకి పాస్‌పోర్టు తీసుకున్నారు.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

రాత్రి పదకొండుకి నిశ్చల్ ఫోను.
"మనం సేఫే కదా?"
గొంతు సర్దుకుని
పద్నాలుగు, మూడు, చదివి వినిపించాను.
అవతల ఊపిరి వదిలిన చప్పుడు.
ఆమె పేరు అతను అడగలేదు.
నేను చెప్పనూ లేదు.

తొమ్మిది రోజులకి వదిలారట.
ఆ తొమ్మిదీ ఆస్పత్రి రిజిస్టర్లో గైర్హాజరు,
ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.
పంపినావిడ మాత్రం
ఐదు చుక్కల్లో ఒకే ఒక్క చుక్క వెలిగించి
కింద రాసింది:
"సామాను అందలేదు."

సామాను.
ఆవిడా ఆ మాటే వాడింది.

నిన్న బేగంబజార్ వెళ్లాను. పనేం లేదు.
"గసాలు ఎంత కావాలమ్మా?"
చెప్పలేకపోయాను.
అతనే యాభై గ్రాములు జోకి పొట్లం కట్టాడు.
తక్కెడ పళ్లెం అంచున
తూకంలోకి రాని గింజలు నాలుగు మిగిలాయి.
ఉఫ్ అని ఊదాడు.
నా చున్నీ మీద పడ్డాయి.

దులుపుకోబోయి
ఆగాను.