జూన్ ఒకటి

ఆర్టీఓ ఆఫీసు గోడకు ఆనిచ్చి
ఒక రేకు బల్ల, నీలి పరదా, రెండు స్టూళ్లు, గమ్ము డబ్బా.
ఇరవై రెండేండ్ల సంది ఇదే నా దుకాణం.
పాలమూరుల సగం మంది జూన్ ఒకటినాడే పుట్టిండ్రని
నాకు తెలిసినంత ఏ మంత్రసానికీ తెలువది.
నేనూ ఆనాడే పుట్టిన.
మా అమ్మీ మాత్రం చలికాలమని అనేది.
హెడ్మాస్టరు చలికాలం రాసుకోలే.

మూతి మీద వేలు రుద్దుకుంట పిల్లలొస్తరు.
రోజూ చదివేదే చదువుత:
గేరు లేని చిన్న బండికి పదహారు, ఇంట్లోళ్ల సంతకముంటే.
గేరు బండికి, కారుకు పద్దెనిమిది.
కిరాయి బండికి ఇరవై.
ఇనుకుంట ఇనుకుంటనే
కిక్కు కొట్టి పోతరు.

నిన్న అడ్డాకుల దిక్కునుంచి ఇద్దరొచ్చిండ్రు.
ముందట కుర్మూర్తి, ఎనక వాళ్లమ్మ బాలకిష్టమ్మ.
పిల్లగాని అరచేతుల నిండ కాయలు.
పన్నెండేండ్లకే ట్రాక్టరెక్కిండట,
క్లచ్చు అందకుంటే
సీటు మీదికెల్లి లేసి నిలవడి తొక్కేటోడట.
దేవరకద్ర సేటుకు పాల బండి ఉన్నది.
ముందుగాల కారు లైసెన్సు తే, ఎనక చూద్దమన్నడట.

మెమో సూసిన.
పద్దెనిమిది నిండి పది దినాలు.
"అయితది" అన్న.
పిల్లగాడు నా దువ్వెన అడుక్కొని
ఫోటో దిగనీకి రోడ్డు దాటిండు.

అప్పుడు జరిగి కూసున్నదామె.
"అది తప్పు సాబు.
వీడు పుణెల పుట్టిండు, స్లాబు పోసే రాత్రి.
మనకాడ కుర్మూర్తి జాతర నడుస్తుండె,
పోనీకి పైసల్లేవు,
పేరన్న పెట్టుకుందమని పెట్టుకున్నం.
అక్కను బడికి తోలితే ఏడుస్తుండెనని
సారు ఇద్దర్ని ఒక్క తరగతిల రాసిండు.
కాయిదం మీద అక్కకు తమ్మునికి మూడు నెలలే తేడా.
యాడనన్న ఉంటదా?"

ఏండ్లు కాదు, జాతర్లు లెక్కవెట్టింది,
వేళ్ల గణుపుల మీద.
పదహారు కాడ బొటనవేలు ఆగింది.

"రాత్రి బండి సాబు అది.
వీడు ఇంకా నోరు తెర్సుకొనే పండుకుంటడు.
నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు."

ఫారం దిక్కు సూసిన.
తండ్రి పేరుకు గడి ఉంది, రక్తం గ్రూపుకుంది,
పుట్టుమచ్చలకు రెండు గీతలున్నయి.
ఆమె బొటనవేలు ఆగిన జాగకు ఏదీ లేదు.

పిల్లగాడొచ్చిండు, నాలుగు తడి ఫోటోలతోటి.
ఫోటోల మీసం నల్లగున్నది.
దగ్గరికొస్తే అక్క కాటుక వాసన.

"సర్వర్ డౌనున్నది" అన్న.
"ఎప్పుడొస్తది సాబు?"
"జాతర పోనీ."
ఆ మీద ఇంకొకటి కూడా పోవాలె,
అది గొంతులనే ఉంచుకున్న.

నూటయాభై ఇయ్యవోయింది. వద్దన్న.
దువ్వెన బల్ల మీద పెట్టి పిల్లగాడు కదల్లే.
పక్కన తిర్పతయ్య బల్ల కాడ
ప్రింటరు గుర్రుమంటనే ఉన్నది,
ఒక్కో కాయిదం బయటికొస్తున్నది.
వాడు దాని దిక్కే సూస్తున్నడు.
ఆమె వాని అంగీ చెయ్యి పట్టుకున్నది.